పాడిన పాట

వాక్లీ కొండ ఎక్కేసరికి గొడుగు తిరగబడింది.
బ్రిడీ వంటింట్లో బల్ల చుట్టూ ఐదు కుర్చీలు,
ఏ రెండింటికీ పోలిక లేదు.
నాకు దక్కినదానికి ఒక కాలు పొట్టి,
కింద మడతపెట్టిన షెఫీల్డ్ ట్రామ్ టికెట్.

ఈ ఆటలో పాచికలు లేవు.
పుట్టకముందే వేలంపాట.
తలకి వంద పాయింట్లు, అమ్మకానికి నాలుగు:
బలం, చురుకు, జ్ఞాపకం, మాట.
ఎవరు ఎక్కువ పాడితే అందులో వాళ్లే మొనగాళ్లు,
వాళ్లని మించినవాడు ఆ లోకంలో ఇక పుట్టడు.
ఓడినా సరే, పాడింది పాడినట్టే, తిరిగి రాదు,
అని బ్రిడీ చెక్క గరిటెతో బల్ల మీద కొట్టింది.

మా భాషలో వేలం పాడతారు, తెలుసా అన్నాను.
అయితే రాగం తీయ్ అన్నాడు తౌఫీక్.
అందరూ నవ్వారు. నేనూ.

నాకు మాత్రం తెనాలిలో
సుభద్ర పిన్ని చీటీ పాట గుర్తొచ్చింది.
డాబా మీద చాప, పదహారు మంది ఆడవాళ్లు.
డబ్బు ఎవరికి అత్యవసరమో
వాళ్ల గొంతు మొదటి అంకె దగ్గరే బిగిసేది.
పిన్ని అది ఇట్టే పట్టేది.
తనకు అక్కర్లేని పాట ఇంకో రెండు వందలు ఎగదోసి
చప్పున నోరు మూసుకునేది.
అలా పెరిగిన తరుగులో తన వాటా తీసి
నాకు జామెట్రీ బాక్సు కొనిపెట్టింది.
ఆ వృత్తలేఖిని ఇప్పటికీ నా దగ్గరుంది.

ముందు బలం.
ఇమొజెన్ ఐదంది, తౌఫీక్ పది.
కోలిన్ ఇరవై అన్నాడు.
ముప్ఫై ఏళ్లు ఉక్కు మిల్లులో చేసిన మనిషి,
అవతలి గదికి కూడా వినబడే గొంతు.
బిగిసింది.

నాకు బలం దేనికి? నాక్కావాల్సింది మాట.
పగలంతా కళ్లద్దాల దుకాణంలో
ఇది బావుందా, అది బావుందా
అని తప్ప ఇంకో వాక్యం పలకనిదాన్ని.
అయినా, ఇరవై ఐదు అన్నాను.
ముప్ఫై.
ముప్ఫై ఐదు.
నలభై.
నలభై ఐదు. యాభై. యాభై ఐదు.
అరవై, అన్నాడు కోలిన్, నా వైపు చూడకుండా.
నోరు మూసుకున్నాను.
ఒకటోసారి, రెండోసారి, గరిటె.

చీటీలో పిన్నికి పోయేదేమీ ఉండేది కాదు.
ఇక్కడ నావీ యాభై ఐదు పోయాయి.
మాట వచ్చేసరికి నా దగ్గర నలభై ఐదు.
ఇమొజెన్ నలభై ఆరు అంది,
బిస్కెట్ నములుతూ.

అప్పుడు టీ.
కోలిన్ కప్పులో బ్రిడీ ఎప్పుడూ సగమే పోస్తుంది.
మూడు వారాలుగా నేను దాన్ని పిసినారితనమనుకున్నాను.
అతని చెయ్యి కప్పు దాకా పోలేదు.
ముఖమే వంగి కప్పు దగ్గరకి వెళ్లింది.
తరవాత పెన్సిల్ తీశాడు, లావుగా రబ్బరు చుట్టింది,
ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని
కాగితం మీద బలం అని రాసి
పక్కన అరవై వేశాడు.
సున్నా మూడుసార్లు తిరిగింది.
తౌఫీక్ కిటికీలోంచి వానని చూశాడు.
అందరికీ ముందే తెలుసు.
బిస్కెట్ డబ్బా నా దాకా వచ్చింది. తీసుకోలేదు.

ఆట మొదలైంది.
కొండ మీద కోట, రెండు రెక్కల ఇనుప తలుపు,
అవతల ఏదో ఊపిరి తీస్తోంది, అంది బ్రిడీ.
ఎవరు తెరుస్తారు?

నేనే, అన్నాడు కోలిన్,
రెండు చేతులూ బల్ల కిందే ఉంచి.
తరవాత నా వైపు తిరిగి,
యాభై ఐదు ఊరికే పోయిందనుకున్నావా,
నా తరవాత నువ్వే కదా,
ఆ రెండో రెక్క పట్టు, అన్నాడు.

పట్టాను.
బరువుగానే ఉంది.