క్వాలిటీ ముప్పై ఒకటి

మండీబజార్ల పాత సామాన్ల యాకూబ్
తూకానికి అమ్మిండు నాకు ఆ డిష్షును.
నాలుగడుగులు. అంచు ఒక దిక్కు సొట్ట.
"సీ బ్యాండు దీనికి దొరకదు భాయ్,
ఎనిమిదడుగులన్నా గావాలె" అన్నడు.
అనుకుంటనే తాడుతోని నా సైకిలుకు కట్టిండు.

కొత్తవాడ గల్లీల పిల్లలు వెంటబడ్డరు.
"ఏ పెండ్లికి వండుతవురా దీన్ల" అన్నది ఆడెపు సత్తవ్వ.

కింద పాత షత్రంజీ పరిచి
కట్టె సుత్తితోని మూడు దినాలు కొట్టిన సొట్టను.
సత్తు పళ్ళెం నడుమ బొక్క చేసి
ఎల్‌ఎన్‌బీ మెడకు తొడిగిన.
పళ్ళెం ఎటువాయెనని సునంద వారం ఎతికింది.
డాబా మీద దొరికినంక ఏమనలేదు.
అనకపోవుడే పెద్ద మాట.

ఎనభై మూడు డిగ్రీల ఉపగ్రహం మాకు
దక్షిణానికి జరంత తూర్పుగ, దాదాపు నడినెత్తిన.
అందుకే మా డిష్షు పక్కకు చూడదు,
అన్నానికి పట్టిన పళ్ళెం లెక్క మొగులు దిక్కే చూస్తది.
వాన పడ్డనాడు నీళ్ళు నిలుస్తయి,
పిట్టలు తానం చేసి పోతయి.

పగలంతా మగ్గం. రాత్రి కరెంటుంటే డిష్షు.
నేను పైన, సునంద కింద టీవీ ముందట.
"ఎంత?"
"బలం డెబ్బై. క్వాలిటీ సున్నా."
బలం అబద్ధం చెప్తదని నెలకు గాని తెల్వలేదు.
మబ్బును చూపినా డెబ్బయ్యే, గోడను చూపినా డెబ్బయ్యే,
నూలు సేటు మాట లెక్క.
క్వాలిటీ ఒక్కటే నిజం. అది సున్నా.
"ఎంత?"
"సున్నా."
"ఇప్పుడెంత?"
"సున్నా. పాలు పొంగుతున్నయి, ఆగు."

పైనుంచి వచ్చే తరంగాలు రెండు తీర్లట,
కొన్ని నిలువు, కొన్ని అడ్డం.
యాకూబ్ చెప్పంగనే నవ్వొచ్చింది.
పడుగు, పేక!
నలభై ఏండ్ల సంది నా చేతులు చేసే పనే
ముప్పై ఆరు వేల కిలోమీటర్ల మీద నడుస్తున్నది,
నాడె చప్పుడు వినబడదు, అంతే.

ఆ రాత్రి ఫోన్ల దిక్సూచిని, కొలతల కాయితాన్ని పక్కకు పెట్టి
ఉత్త చేతులతోని పట్టుకున్న ఎల్‌ఎన్‌బీని,
తెగిన పోగును అతికేటప్పుడు పట్టుకున్నట్టు.
తిప్పిన. నూలుపోగంత.
ఊపిరి బిగబట్టి ఇంకొక్క పోగంత.
కింద సప్పుడు లేదు.
"ఎంత?"
"పన్నెండు."
"ఇప్పుడు?"
"పంతొమ్మిది... ముట్టకు, ముట్టకు! ముప్పై ఒకటి!"

మెట్లు ఎట్ల దిగిన్నో యాదికి లేదు.
తెర మీద సినిమా లేదు, వార్తలు లేవు, మనిషి లేడు.
ఇంకా మొదలుగాని ఏదో చానలు
జాగా పట్టుకోను వేసిన రంగుల పట్టీలు.
తెలుపు, పసుపు, నీలిపచ్చ, పచ్చ,
గులాబి, ఎరుపు, నీలం.
నడుముల చేతులు పెట్టుకొని సునంద చానసేపు చూసింది.
"ఇది మన షత్రంజీయే గదా" అన్నది.
మళ్ళ కొంచెమాగి,
"గులాబి పక్కన ఎరుపు ఎవడేసిండు?
అద్దకం తెల్వనోడు."

రాత్రి రెండు దాకా దాన్నే చూసినం.
ఏమీ మారలేదు.

నిరుడు గల్లీ మలుపుల కొత్త ఫోను టవరు లేచింది.
ఆనాటి సంది సున్నా.
ఫిల్టరు పెట్టాలంటడు యాకూబ్. ధర రెండు షత్రంజీలు.
ఇప్పుడు డిష్షు అంచు మీద
అద్దిన నూలు ఆరేస్తది సునంద.

అయినా మార్చి నెల నడుమ, పన్నెండు కొట్టినంక
డాబా ఎక్కుత నేను.
ఆ నాలుగు దినాలు సూర్యుడు సరిగ్గ
ఉపగ్రహం ఎనుకకు వచ్చి నిలబడుతడు.
టీవీలున్నోళ్ళకు అంతరాయం. నాకు కొలబద్ద.
నూలు పక్కకు జరిపి చూస్త:
సత్తు పళ్ళెం నీడ మెల్లగ పాకి వచ్చి
నడిమి బోల్టు మీద కూసుంటది.
వెంట్రుకవాసి తప్పదు.

"సునందా, ఇంకా ఆడికే చూస్తున్నదే ఇది!" అని కేకేస్త.
"నూలు ఆరిందా?" అంటది కిందినుంచి.