తాడు కన్నం

సోల్జర్‌పేట దిగువన, ఈ వీధిలోంచి సముద్రం కనపడదు గానీ
తలుపు గొళ్లేలన్నిటికీ అది తెలుసు.
కొన్నప్పుడు రిజిస్ట్రారు ఆఫీసులో చెప్పారు:
"స్థలం రేటే వేశాం, కట్టడానికి విలువ లేదు."

విలువ లేని కట్టడం కాబట్టి
ముందు సిమెంటు పీకించాను.
ముప్పయ్యేళ్ల కిందట ఎవరో ప్రేమకొద్దీ పూసిన సిమెంటు.
వెనక గోడ ఊపిరాడక
ఉప్పు కక్కుకుంటోంది.

సూరప్పడు మేస్త్రీ గానుగ సున్నం
బొటనవేలి గోటి మీద రాసి
ఎండేదాకా మాట్లాడడు.
"తొందరేటమ్మా? బెల్లం నీళ్లకీ కరక్కాయకీ
ఇంకా పరిచయం అవనేదు."

మా ఆయన కోరిక ఒకటే: పెద్ద గదిలో ఏసీ.
నా షరతూ ఒకటే: గోడకి కొత్త కన్నం పడకూడదు.
మూడు రోజులు మాటల్లేవు.

నాలుగో రోజు పాత సున్నం రాలగొడుతుంటే
దూలానికి మూరెడు కింద
గుప్పెడంత కన్నం.
ఎలకది కాదు. లోపల ఇత్తడి గొట్టం,
కింది పెదవి మాత్రం అరిగి
చెంచాలా పల్లమయింది.

సూరప్పడు వేలు పెట్టి చూశాడు.
"తాడు ఒరిసిన గాడమ్మా ఇది.
మా తాత చెప్పీవోడు, పంకా లాగీవోడు
గోడకి అవతలేపు కూకునీవోడంట.
గాలి ఇటేపు. ఆడికి తాడే."

అవతలికి వెళ్లాను.
వరండా మూల, పడమటెండ.
నాపరాయి మీద ఒక మనిషి కూర్చున్నంత మేర నునుపు,
మడమ తన్నిపెట్టిన చోట గోడకి చిన్న గుంట.

కిటికీ రెక్కలు, బర్మా టేకు దూలాలు,
ఒకటి పగిలిన రంగుటద్దాలు,
అన్నీ కొలిచి రాసుకున్నాను.
ఏవి పోకూడదో ఆ జాబితాలో
ఈ మడమ లేదు.

రాగి గొట్టం కన్నంలో సరిగ్గా పట్టింది.
మా ఆయన నవ్వాడు, మూడు రోజుల తర్వాత.
గాజువాక నుంచి వచ్చిన ఏసీ కుర్రాడు
బయటి పెట్టె వరండా మూలే పెడతానన్నాడు,
"గొట్టం ఖర్చు కలిసొస్తాది మేడం."
సరేనన్నాను. వద్దన్నాను.
ఎందుకని అడిగితే
చెప్పలేక మళ్లీ సరేనన్నాను.

ఇప్పుడది నాపరాయికి జానెడు పైన
ఇనప చట్రం మీద కూర్చుని
వీధిలోకి వేడి వదులుతుంది.
నీటి చుక్కలు నునుపు మీదే పడతాయి.

సున్నం గోడలు ఆరాయి, గుడ్డు పెంకులా మెరుస్తున్నాయి.
వచ్చినవాళ్లు అరచేత్తో తడిమి
"అచ్చం అప్పట్లాగే ఉంచారే" అంటారు.

మధ్యాహ్నం దుప్పటి కప్పుకుని పడుకుంటాను.
గోడ అవతల
ఏదో కునుకు తీసినట్టు ఆగి,
ఉలిక్కిపడి
మళ్లీ మొదలవుతుంది.