తలుపులు మూశాక

లాటరీలో తగిలింది ఒక్క రాత్రి.
ఓర్లాండోలో స్కూలు బస్సు నడిపే మిగ్దాలియాకీ
మనవరాలు యారాకీ కోట పైఅంతస్తులో గది.

బంగారు రంగు కుళాయి తిప్పి చూసింది మిగ్దాలియా.
వచ్చింది మామూలు నీళ్ళే. నవ్వుకుంది.
"అమ్మమ్మా, కోటేదీ? కిటికీలోంచి కనబడదేం?"
"దాని కడుపులోనే ఉన్నాం కదే."

తొమ్మిదింటికి మైకు అందరికీ శుభరాత్రి చెప్పింది.
భుజాల మీద నిద్రపోయిన పిల్లలతో
జనం గేటు వైపు ఏరులా జారిపోయారు.
ప్రతిసారీ ఆ ఏట్లో తామూ ఉండేవాళ్ళు,
వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ.

ఇప్పుడు కింద పైపుతో రోడ్డు కడుగుతున్నారు.
ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని
చూయింగ్ గమ్ గీకుతున్నాడు.
ఎలుగుబంటి తల చంకన పెట్టుకుని
చెమట తుడుచుకుంటూ పోతోంది ఒక సన్నటి అమ్మాయి.

పిల్ల ఇది చూడకూడదేమో అనుకుని
కళ్ళు మూయబోయింది మిగ్దాలియా.
యారా ఆ చెయ్యి తోసేసి, అద్దానికి ముక్కు ఆనించి,
"మనం ఇంకా ఇక్కడే ఉన్నామని వాళ్ళకి తెలుసా?"

గమ్ గీకేవాడు తలెత్తాడు.
చేతిలో రేకు ఊపాడు.

పరుపు ఎంత మెత్తనో ఎవరైనా అడిగితే
మిగ్దాలియాకి తెలీదు.
కుర్చీలోనే తెల్లవార్చింది.