ప్రొద్దుటూరు 31

హుసేనప్ప మామకు అంకెలంటే మక్కువ.
రెండు వేసేటప్పుడు మెడ కొంచెం వంచుతాడు,
ఎనిమిది వేసేటప్పుడు ఊపిరి బిగబడతాడు.
కడప నుంచి ప్రొద్దుటూరు దాకా
దోవ పక్క రాళ్లన్నీ ఆయన చేతివే:
పసుపు టోపీ, తెల్ల ఒళ్లు, నల్ల అంకె.
నేను డబ్బా మోసేవాణ్ణి.
చెన్నూరు కాడ పెన్న గాలి లేస్తే
రంగంతా నా అంగీ మీదనే.

ఖాజీపేట దాటినాక ముప్పై ఒకటో రాయి.
దాన్ని ఆనుకొని సుంకులమ్మ సపోటాల గంప.
ఆ రాయి ఆమెకు తక్కెడ పెట్టుకునే బల్ల,
వానొస్తే గోనెపట్ట కట్టుకునే గుంజ.
"అంకె చెరగకుండా ఆనుకోమ్మా" అంటాడు మామ.
"నీ అంకె ఎవురు సదువుతారప్పా,
నా పండ్లు జూసి ఆగుతారు గానీ" అంటాది ఆమె.

ఒకరోజు తెల్లారుజామున
పసుపుకొమ్ముల లారీ
రాయినీ ఆమెనూ కలిపి తోసేసింది.

రెండు స్టేషన్ల నుంచి ఇద్దరు వచ్చినారు, టేపుతో.
గంప మీ వైపు, కాళ్లు మా వైపు.
ఒక చెప్పు మాత్రం ఎవరి వైపో తేలలేదు.
పొద్దు నడినెత్తికి వచ్చిందాకా కొలిచినారు,
ఆమె మీద ఎవరో కప్పిన లుంగీ
గాలికి లేస్తా ఉంటే కాలితో తొక్కి పట్టి.
సపోటాలు ఎవరినీ అడగలేదు,
రెండు హద్దుల్లోకీ దొర్లిపోయినాయి.

మామ రాయిని నిలబెట్టి మళ్లీ రాసినాడు.
మూడు బాగానే వచ్చింది.
ఒకటి రాసేటప్పుడు చేయి వణికింది.
ఒకటి కన్నా సులువైన అంకె ఉందా చెప్పండి.

ఇప్పుడు కడప ఆఫీసు గోడకు ఒక పటం.
వంకాయరంగు గీత ఒకటి
కడపను, మైదుకూరును, ప్రొద్దుటూరును, ఎర్రగుంట్లను
మధ్యలో ఉల్లిచేన్లతో సహా
ఒకే కడుపులో పెట్టుకుంది.
మహానగర ప్రాంతమంట.
బస్సులో ఒకటే వాదం:
ప్రొద్దుటూరోళ్లు కడపోళ్లు అయినట్టా,
కడపోళ్లు ప్రొద్దుటూరోళ్లు అయినట్టా?
వెనక సీటులో బంగారు పనాయన
"నా అప్పు మాత్రం యాడికీ కలవదు" అన్నాడు.
వక్కాకు నములుతా ఒక అవ్వ
"రేత్రి తొమ్మిది దాటినాక బస్సు వస్తాదా, అది చెప్పండి" అనింది.
ఎవరూ చెప్పలేదు.

ఇంజనీరు సారు మామను పిలిపించినాడు.
"ఊరి లోపల ఊరికి దూరం రాస్తారా పెద్దాయనా?
ఇంట్లో వంటింటికి ఎన్ని కిలోమీటర్లో రాసుకుంటామా?
అంకెలన్నీ చెరిపేసి సున్నం కొట్టు."
మామ తల గీరుకున్నాడు.
"అయితే ఇంక టేపు తేరు గదా, సార్?"
సారుకు అర్థం కాలేదు.
నాకు అయింది. నేను డబ్బా వైపు చూసినాను.

రోజుకు నాలుగు రాళ్లు చెరుపుతా పోయినాము.
తాను పెట్టిన పేర్లు తానే కొట్టేసినట్టు,
నోట్లో బీడీ, చేతిలో సున్నం కుంచె.
ఒకచోట గొర్రెలు రోడ్డంతా పరుచుకొని అడ్డమొచ్చినాయి.
"నగరం లోపల గొర్రెలేందిరా?" అన్నాడు మామ.
కాపరి నవ్వినాడు.
"మేము ముందు నుంచీ ఈడనే ఉండాం మామా.
నగరమే ఇప్పుడు వచ్చినట్టుండాది."

ముప్పై ఒకటో రాయి వచ్చింది.
అదే చోట సుంకులమ్మ కూతురు రామలక్షుమ్మ,
అదే గంప, కొత్త తక్కెడ.
మామ మూడు చెరిపినాడు.
ఒకటి కాడ కుంచె ఆపి, కింద కూచున్నాడు
రాతికి వీపు ఆనించి.
"ఒక కిలో తూచమ్మా. ఎంత?"
"ఈడ ఎనభై. ఊర్లోకి పోతే నూరు."
"ఊరంటే యాడ?"

ఆ పిల్ల తక్కెడ దించలేదు.
గడ్డం ఎత్తి
ముందు కడప వైపు చూపించింది,
తర్వాత ప్రొద్దుటూరు వైపు.