పోగు

రాత్రి ఎనిమిదిన్నరకి మిషన్ ఆగుతుంది.
చెవుల్లో మాత్రం ఇంకో అరగంట
కుడుతూనే ఉంటుంది.

బొమ్మనహళ్ళి సిగ్నల్ దాటితే
మెట్రో స్తంభం పక్కన నీలం టార్పాలిన్.
పొద్దుటినుంచీ కిలోల్లో అమ్మిన చౌడక్క
ఈ వేళకి తక్కెడ బోర్లిస్తుంది.
ఇంక లెక్కంతా చేతిదే.

"గుడ్డె ఇప్పత్తు, గుడ్డె ఇప్పత్తు" అని
దారిన పోయేవాళ్ళకి ఒక గొంతు.
నన్ను చూస్తే ఇంకో గొంతు:
"పోగు ఇరవై. రామ్మే, మదనపల్లిదానా."
మాలూరు మనిషి.
కన్నడంలో అరుస్తుంది, తమిళంలో చిల్లర అడుగుతుంది,
తిట్టడం మాత్రం తెలుగులో.
అంతమాత్రం చుట్టరికం మాకు.

పోగంటే పగలంతా నాకు దారం.
కాలరు కుడతాను.
పదకొండేళ్ళుగా కాలరే.
మొత్తం చొక్కా ఎలా ఉంటుందో
బజార్లో ఎవరో తొడుక్కుని ఎదురొస్తే చూడాలి.
ఒక్క పోగు జారినా
చెకింగు పిల్ల ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టి,
ఎర్ర స్టిక్కరంటించి
నా మొహాన విసురుతుంది.

ఇక్కడ చెకింగు నాది.

టమాటా పోగులో పైన నాలుగు పెళ్ళికూతుళ్ళు,
అడుగున ఒకటి మెత్తబడింది.
ఉండి తీరుతుంది.
ఆమెకి తెలుసు. నాకూ తెలుసు.
నాకు తెలుసని ఆమెకి తెలుసు.
నేను తీసి పక్కన పెడతాను,
ఆమె తీసి మళ్ళీ వేస్తుంది.
చివరికి అది నా సంచిలోకే వస్తుంది,
తోడుగా రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ.

బీన్సు వంచితే టక్కుమనాలి.
వంకాయ ముచ్చిక పచ్చగా ఉండాలి.
కొత్తిమీర విదిలిస్తే నీళ్ళు రాలాలి, ఆకులు కాదు.
బెండకాయకి కొన విరవాలి.
మా అమ్మ నాకు చెప్పిన చదువు అదొక్కటే:
విరిగితే లేత, వంగితే ముదురు.
విరిగినవి ఏరుకుంటాను.
వంగి నలిగినవి అక్కడే పారేస్తాను.
"చెయ్యి పెట్టినవన్నీ నువ్వే తీసుకో" అంటుంది చౌడక్క,
ఎవరికీ వినబడనట్టు, అందరికీ వినబడేట్టు.

ఒక సోమవారం వాన.
కదలలేక ఆ టార్పాలిన్ కిందే పది దాకా నిలబడ్డాను.
చౌడక్క సర్దుతోంది.
మంచివి గోనెలోకి, రేపటికి.
కొనలు నలిగి నల్లబడ్డ బెండకాయలు ఓ దోసెడు
కొంగులోకి.

"ఆవుకా అక్కా?"
"ఆవేడుండాది? నాకే. రాత్రికి పులుసు."
నవ్వింది.
"ఊరంతా విరిచి విరిచి చూసి
ముదరంతా నాకు పెడతారు.
పళ్ళు గట్టివిలే."

నా బొటనవేలికి బెండ జిగురు.
వానలో చెయ్యి చాపి కడుక్కున్నాను.
అది తొందరగా పోదు.

ఆ రోజునుంచి విరవడం మానేశాననుకుంటారేమో.
రెండు వారాలు మానేశాను.
గోటితో నొక్కి చూశాను, వాసన చూశాను,
దేవుడి మీద భారం వేశాను.
రూములో గంగరత్న కంచం జరిపేసింది:
"కట్టెలు వండావా?"

మూడో వారం మళ్ళీ విరిచాను.
విరిగినవీ వేసుకున్నాను, వంగినవీ వేసుకున్నాను.
చౌడక్క చూసింది.
ఏమీ అనలేదు.
ఇరవై తీసుకుంది,
నోటు మడిచి రైకలో దోపింది,
"గుడ్డె ఇప్పత్తు" అని అటు తిరిగింది.
ఆ పూట కరివేపాకు వెయ్యలేదు.

ఎందుకు వెయ్యలేదో
దారంతా ఆలోచించాను.

పులుసు బాగానే కుదిరింది.
నమిలితే నమిలినంత పీచు.
నోట్లోంచి ఒక పోగు లాగి,
చెయ్యి ఆగక,
లైటుకి ఎత్తి పట్టి చూశాను.