కర్త లేని వాక్యం

డాక్ ఎడిషన్ వెళ్ళిపోయాక
సిటీ పేజీలో మూడు కాలాల ఖాళీ మిగిలింది.
లోయలో ఆ రోజు ఏడుగురు జవాన్లు పోయారు.
"మన ఊళ్ళో ఆ మనుషులెవరూ లేరా?"
అన్నాడు ఇన్‌ఛార్జి, టీ గ్లాసు కింద పెట్టకుండానే.

ఉన్నారు.
కంచరపాలెం మెట్టు దగ్గర ఒకతను,
నవంబర్లో మూటతో దిగి
శివరాత్రికి చలితో పాటే వెళ్ళిపోయేవాడు.
ఇష్ఫాక్ మల్లా.
ఈ ఉక్క ఊళ్ళో శాలువాలెవరు కొంటారయ్యా అంటే
లంబసింగి వెళ్ళేవాళ్ళని, సన్మానాలు చేసేవాళ్ళని
వేళ్ళ మీద లెక్క చెప్పేవాడు.
గది అద్దెకిచ్చిన మళ్ళ అప్పలనర్సమ్మ
"మల్లా అంటే మావోలే, గవర్లే" అని
మొదటి రోజే చుట్టరికం కలిపేసింది.
ఆవిడ పెట్టిన నెత్తళ్ళ పులుసు కారానికి
అతను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే
ఊరు గుర్తొచ్చిందనుకుంది.

నాకు తెలిసింది ఇంతే.
నేను రాసింది ఇది:
శాలువా చాటున శత్రువు?

వేర్పాటువాది అన్న మాట మూడు కాలాల్లో పట్టదు.
శత్రువు పడుతుంది.
'శ'కి 'శ' కుదిరింది, ఇన్‌ఛార్జి భుజం తట్టాడు.
చివర్న ఆ ప్రశ్నార్థకం
అడగడానికి పెట్టింది కాదు.
రేపు నోటీసు వస్తే
పట్టుకు వేలాడ్డానికి కొక్కెం.

కింద ఆరు వాక్యాలు.
రాత్రుళ్ళు గదిలో లైటు వెలుగుతున్నట్టు తెలిసింది.
ఫోన్లో అర్థం కాని భాష మాట్లాడుతున్నట్టు తెలిసింది.
డాబా మీంచి ఓడలు కనిపిస్తాయన్నది గమనార్హం.
ఈ ఊళ్ళో ఎవరి డాబా మీంచైనా ఓడలు కనిపిస్తాయి.
అది గమనార్హం కాదు.
తెలిసింది, సరే, ఎవరికి?
మన తెలుగులో ఆ వెసులుబాటు ఉంది,
కర్త లేకుండానే వాక్యం నిలబడుతుంది
మనిషి వెళ్ళిపోయినా కుర్చీ మీద చొక్కా కూర్చున్నట్టు.

తెల్లారి అప్పలనర్సమ్మ
అక్షరం రాక, ఫోటో చూసి మురిసిపోయింది.
"మావోడు పేపర్లో పడ్డాడు" అని నాలుగిళ్ళకీ తిప్పింది,
పాల ప్యాకెట్ల కుర్రాడు చదివి వినిపించేదాకా.
తర్వాత ఏమీ అనలేదట.
పేపరు మడిచి, మళ్ళీ మడిచి
అగ్గిపెట్టెంత చేసి కొంగున ముడేసుకుందట.
మధ్యాహ్నానికి వీధి వచ్చింది.
సాయంత్రానికి జీపు.
మూట విప్పి శాలువాలన్నీ దులిపితే
నాలుగు కలరా ఉండలు దొర్లాయి.

మా నానమ్మ ఉండేది బర్మా క్యాంపులో.
అరవై నాలుగులో రంగం నుంచి ఓడలో వచ్చిన మనిషి.
ఆదివారం నా చేతిలో పేపరు చూసి
తీసి బోర్లా పెట్టింది.

"అక్కడచ్చరాలూ మనయి లాగే గుండ్రంగుంటాయిరా.
సదవడం నాకు అక్కడా రాదు, ఇక్కడా రాదు.
ఒక్క మాట మాత్తరం ముగ్గు గురుతెట్టుకున్నట్టు
గురుతెట్టుకున్నాను. కలా.
మనకి కల. ఆలకి మనం.
అది పెద్దచ్చరాల్లో పడ్డనాడు
మీ తాత కొట్టు తెరిసీవోడు కాదు.
ఆ మాట రాసినోడు ఎలగుంటాడో
ఒక్కపాలి సూడాలనుండీది నాకు."

చెప్పి, నా వైపు చూసింది.
చాలాసేపు.
గ్లాసులో మజ్జిగ విరుగుతున్నట్టనిపించింది.
నేను చెప్పలేదు.

పదో రోజున వదిలేశారు.
ఏడో పేజీలో, టెండరు ప్రకటనల కింద
సవరణ వేశాం, రెండు లైన్లు.
అప్పటికతను సమతా ఎక్స్‌ప్రెస్‌లో
జనరల్ బోగీ తలుపు దగ్గర
మూట మీద కూర్చుని ఉంటాడు.
డీటీపీలో ఎవరో పేరు తప్పు కొట్టారు:
మళ్ళ ఇష్ఫాక్, కంచరపాలెం.

ప్రూఫు నా దగ్గరికే వచ్చింది.
చూశాను.
దిద్దలేదు.