నిద్రపోయావా అని తట్టి

కంచరపాలెంలో మూడో అంతస్తు.
చెప్పుల స్టాండు పక్కన
మూత లేని పాత కంప్యూటరు.
పూర్ణా మార్కెట్ దగ్గర షాపు మూసేసిన రోజు
నాతో ఇంటికొచ్చింది అదొక్కటే.

దాని కడుపులో నాలుగు డిస్కులు.
డిస్కుల నిండా పన్నెండేళ్ల పెళ్లిళ్లు,
ఆల్బమ్ పట్టుకెళ్లి
వీడియోకి రేపొస్తామన్నవాళ్లవి.

కరెంటు బిల్లు చూసి వేణి అంది:
"ఎవలి పెళ్లికో మన మీటరు తిరుగుతోంది."

అందుకే గడువు పెట్టాను.
ఇరవై నిమిషాలు ఎవరూ పిలవకపోతే
తిరగడం మానేసి పడుకోమని.
మొదటి రాత్రి బుద్ధిగానే విన్నాయి.
సన్నని ఈల ఒకటి మెట్లు దిగినట్టు దిగి
చివర్న ఒక టక్.
ఆ ఖాళీలోకి హార్బరు నుంచి ఓడ కూత
మా వంటింటి దాకా నడిచొచ్చింది.
అబ్బ, అనుకున్నాను.
పది నిమిషాలు కాలేదు,
తాడు లాగిన మరబోటులా
ఒళ్లు దులుపుకుని మళ్లీ లేచాయి.

పడుకోవడం పది నిమిషాలు, మేలుకోవడం ఇరవై.
రోజుకి నలభై ఎనిమిది తెల్లారుళ్లు!
ముసలి డిస్కుకి
తిరగడం కన్నా లేవడమే అరుగుదల,
మోకాళ్లున్న ఎవర్నడిగినా చెప్తారు.

ఎవరు లేపుతున్నారు?
బొమ్మలు వెతికి పెట్టే ప్రోగ్రాం పీకేశాను.
చిట్టాలు రాసే పని పెన్‌డ్రైవ్‌కి అప్పగించాను.
కింద పోర్షను కుర్రాణ్ణి అనుమానించి
వైఫై పాస్‌వర్డ్ మార్చాను. పాపం, వాడు మాట్లాడ్డం మానేశాడు.
ఎనిమిదో రాత్రి దొరికాడు దొంగ.
నేనే.
ఒక మే నెల ఎండకి భయపడి
ఎప్పుడో రాసి మర్చిపోయిన నాలుగు లైన్లు:
అరగంటకోసారి వెళ్లి
ఒంట్లో వేడెంతుందో అడిగి
ఆ జవాబు ఆ డిస్కు మీదే రాసి రమ్మని.

నైట్ డ్యూటీ దిగొచ్చిన వేణికి చెప్తే
టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వింది.
"మా వార్డులో కొత్తమ్మాయి
నిద్రమాత్ర వెయ్యడానికి ముసలాయన్ని లేపింది.
నువ్వూ ఆ బాపతే."

ఇప్పుడు ఐదో లైను చేర్చాను.
ముందు గుమ్మం దగ్గరే ఆగి చూడు,
పడుకుని ఉంటే చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చెయ్.

మూడోదానికి మాత్రం నిద్ర రాయలేదు.
తుఫానుకి వారం కరెంటు పోయి వచ్చాక
మూడుసార్లు పిలిస్తే గానీ పలకలేదది.
పడుకుంటే లేస్తుందని నాకు నమ్మకం లేదు.
దాని మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంటుంది.
బిల్లు కడుతున్నాను.

నిన్న రాత్రి నూకరాజు గారి ఫోను.
పద్నాలుగేళ్ల కిందటి పెళ్లి, మధురవాడ.
"ఇత్తడి బిందొకటి పోయింది బాబూ,
ఎవలట్టుకెళ్లారో నీ వీడియోలో సూడాల."
రెండో డిస్కు. నిద్రలో ఉంది.
లేవడానికి పదకొండు సెకన్లు.
ఆ పదకొండూ ఆయన ఊపిరి, నా ఊపిరి,
మధ్యలో అది గొంతు సవరించుకోవడం.

దొరికింది.
తలంబ్రాలు పోస్తున్నారు, కెమెరా పెళ్లికూతురి మీద.
ఓ మూల బిందె, దాని మెడ పట్టుకున్న చెయ్యి,
ఎర్ర గాజులు, మధ్యలో పగిలిన పచ్చగాజు ఒకటి.
మొహం ఫ్రేములో లేదు.
నేను చూసి చెప్పాను, ఉన్నది ఉన్నట్టు.

చాలాసేపు ఏమీ అనలేదాయన.
"పచ్చదా" అన్నాడు.
"అవునండి."
"ఉంచెయ్ బాబూ. చెరిపీకు.
ఎవలికీ సూపించకు కూడా."

ఫోను పెట్టేశాక కూడా కూర్చున్నాను.
ఇరవై నిమిషాలు.
పిలవలేదు, తట్టలేదు, వేడెంతని అడగలేదు.
ఈల మెట్లు దిగింది.

టక్.

మూడోది మాత్రం
గోడ పక్కన తిరుగుతూనే ఉంది.